సర్వర్ ఎన్ని కాల్స్ మోస్తుంది?

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఒత్తిడి పరీక్ష ఫలితాలు శ్రద్ధగా చదివాను. ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ కలిపే మన సర్వర్ ఒకేసారి 1,800 కాల్స్ నడుస్తుండగా పడిపోయింది కాబట్టి సామర్థ్యం 1,800 అని రాశావు. ఆ అంకె ఇప్పుడే ఎవరికీ చెప్పకు.

నీ పరీక్షలో ఒక్కో కాల్ 10 సెకన్లే నడిచింది. అంటే సెకనుకు 180 కొత్త కాల్స్ వచ్చిపడ్డాయి. మనుషులు సగటున మూడు నిమిషాలు మాట్లాడుకుంటే, అదే 1,800కు సెకనుకు 10 కాల్స్ చాలు. సర్వర్ కాల్స్ కలపలేక పడిపోయిందో, నడుస్తున్న కాల్స్‌ను మోయలేక పడిపోయిందో ఈ ఫలితాలను బట్టి చెప్పలేం. పైగా సిప్పీ అనే పరీక్ష సాధనం చేత సిప్ సందేశాలే, అంటే కాల్‌ను కలిపే, తెంచే సందేశాలే పంపించావు, ధ్వని లేదు. జీ.711 అనే కోడెక్‌లో (ధ్వనిని అంకెలుగా మార్చే పద్ధతి) మామూలుగా ఒక్కో దిశలో సెకనుకు 50 ప్యాకెట్లు వెళతాయి. కాల్‌కు రెండు కొసలు, ఒక్కో కొస నుంచి రాక, పోక. సర్వర్ గుండా ధ్వని వెళ్తే 1,800 కాల్స్‌కు సెకనుకు 3,60,000 ప్యాకెట్లు! కోడెక్ మార్పిడి, రికార్డింగ్ ఉంటే ఆ భారం వేరే.

ఈసారి అసలు వాడుకకు దగ్గరగా నడిపి, జవాబు రాక మళ్లీ పంపిన సందేశాల లెక్క చూడు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే. యూడీపీ (సందేశం చేరిందో లేదో తాను చూసుకోని రవాణా పద్ధతి) మీద ఇన్వైట్‌కు, అంటే కాల్ మొదలుపెట్టే సందేశానికి, అర సెకనులో జవాబు రాకపోతే అదే సందేశం మళ్లీ వెళుతుంది, ఆపై వ్యవధి ప్రతిసారీ రెట్టింపవుతుంది, 32 సెకన్లకు ప్రయత్నం ఆగిపోతుంది. అలసిన సర్వర్ మీద ఈ నకళ్లు ఇంకా బరువు పెంచుతాయి. అందుకే పతనం ఒక్కసారిగా వస్తుంది. ఆ లెక్క సున్నా నుంచి కదిలిన చోటే నీ హద్దు. అప్పుడు సీపీయూ సగటు తక్కువగా కనిపించినా నమ్మకు, ఒక్కో కోర్‌ను విడిగా చూడు. ఒకటి నిండిపోయి మిగతావి ఖాళీగా ఉండవచ్చు.

యంత్రం తీరికగా ఉండగానే కాల్స్ ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగిపోతే సెట్టింగులు వెతుకు. ఆస్టరిస్క్ అనే కాల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నమూనా ఫైలులో ఆర్‌టీపీ పోర్టులు (ధ్వని ప్యాకెట్లు వచ్చిపోయే ద్వారాలు) 10000 నుంచి 20000 వరకే ఉంటాయి. ఒక్కో కొసకు రెండు పోర్టులు ఖర్చవుతాయి కాబట్టి, రెండు కొసలున్న కాల్స్ 2,500 దాటవు.

హద్దు దొరికాక దానిలో 70 శాతం దగ్గర కొన్ని గంటలు నడిపించి, మెమరీ పెరుగుతూ పోతోందేమో చూడు. నివేదికలో అంకె పక్కనే కాల్ నిడివి, కోడెక్, రికార్డింగ్ ఉందా లేదా అన్నవి తప్పక రాయి.