‘ఇన్‌ఫిల్ట్రేట్’ అనే క్రియను వాడబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ అనువాదం చదివాను. ‘దొంగ ఇంట్లోకి చొరబడ్డాడు’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ నీవు ‘ఇన్‌ఫిల్ట్రేట్’ అనే క్రియను వాడావు. ‘చొరబడు’కు నిఘంటువులో ఆ మాట కనబడుతుంది కనుక తప్పంతా నీది కాదు, అయినా అది అక్కడ పొసగదు. తలుపు పగలగొట్టి వచ్చి, చేతికందినది పట్టుకుని పోయే దొంగకు ‘బ్రేక్ ఇన్’ చాలు; ఆలస్యంగా వచ్చి వెనక బెంచీలోకి జారుకునే విద్యార్థికి ‘స్నీక్ ఇన్’ సరిపోతుంది. ‘ఇన్‌ఫిల్ట్రేట్’ చేసేవాడు మాత్రం లోపలివాళ్లలో ఒకడిగా కలిసిపోయి, అక్కడే మసలుతూ తాను వచ్చిన పని చక్కబెట్టుకుంటాడు.

ఈ తేడా ఆ మాట పుట్టుకలోనే ఉంది. అందులో ఉన్నది మనమెరిగిన ‘ఫిల్టరే’. వడపోత గుడ్డ దారాల సందుల్లోంచి నీరు బొట్టుబొట్టుగా దిగడమే దాని తొలి అర్థం. వాన నీరు నేలలోకి ఇంకడాన్ని జలశాస్త్రంలో నేటికీ ‘ఇన్‌ఫిల్ట్రేషన్’ అనే అంటారు. సెలైన్ సూది నరం తప్పి, ద్రవం చుట్టూ ఉన్న కండలోకి చేరి చెయ్యి ఉబ్బినా నర్సులు అదే మాట వాడతారు. 1918లో జర్మన్ దళాలు శత్రువు బలంగా ఉన్న చోట్లను వదిలేసి, బలహీనమైన సందుల గుండా చిన్న జట్లుగా లోపలికి చొచ్చుకుపోయిన యుద్ధ పద్ధతికీ ఈ పేరే స్థిరపడింది.

వైద్యపు రాతల్లో మరింత జాగ్రత్తగా ఉండు. నేను కొత్తగా ఈ పనిలో చేరినప్పుడు, ఒక ఛాతీ ఎక్స్‌రే నివేదికలోని ‘ఇన్‌ఫిల్ట్రేట్స్’ను ‘చొరబాటుదారులు’గా రాసి, రోగి ఊపిరితిత్తుల్లో శత్రుసేనను దింపాను. నిజానికి అక్కడ చెప్పినది, చీము గానీ ద్రవం గానీ చేరడం వల్ల ఎక్స్‌రేలో తెల్లగా కనబడే మచ్చలను గురించి.

ఇక వ్యాకరణం. తెలుగులో ముఠా‘లోకి’ చొరబడతాం. ఇంగ్లీషులో ఈ క్రియకు ముఠాయే నేరుగా కర్మ అవుతుంది, మధ్యలో ‘ఇన్‌టు’ అక్కరలేదు. మనిషిని లోపలికి పంపేవారికి కూడా ఇదే క్రియ వర్తిస్తుంది, అప్పుడు మాత్రం ‘ఇన్‌టు’ రావలసిందే. ఆ అర్థానికి మనకు ‘చొప్పించు’ అనే చక్కని మాట ఉంది, దాన్ని వాడుకో. అన్నిటికన్నా చిక్కు కర్మణి ప్రయోగంతో వస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషు పత్రికలు దాన్ని ధారాళంగా వాడతాయి, మనం దాన్ని యథాతథంగా దించితే నీ రెండో పుటలోలాగా ‘ముఠా పోలీసులచేత చొరబడబడింది’ అని తేలుతుంది. ‘పోలీసులు తమ మనిషిని ముఠాలో చేర్చారు’ అని దాన్ని తిరగరాసి, ఆ పుట ఒక్కటి మళ్లీ పంపు.

ఇట్లు,
మీ మామయ్య