సగం రోడ్డు మూసి డ్రైనేజీ లైన్ వేయాలి, ట్రాఫిక్ ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

40 అడుగుల రోడ్డులో సగం మూసి మూడు వారాలు పని చేయాలి, ట్రాఫిక్ పోలీసులు ప్లాన్ అడిగారు, ఏం గీయాలో తెలియడం లేదు అన్నారు కదా. నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సైట్ ఇంజనీర్‌ని. గీయడానికి ముందు మూడు పూటలు ఆ రోడ్డు మీద నిలబడి చూడండి: పొద్దున స్కూల్ బస్సుల వేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, రాత్రి లారీలు సిటీలోకి దిగే వేళ.

నేను ఆ పని చేయక ఒకసారి దెబ్బ తిన్నాను. కూకట్‌పల్లి వైపు బాక్స్ డ్రెయిన్ (పెట్టె ఆకారపు కాంక్రీటు కాలువ) పని. రోడ్డు పనుల చోట ట్రాఫిక్ ఎలా నడపాలో చెప్పే మార్గదర్శకాలు, ఐఆర్‌సీ ఎస్‌పీ 55, ముందు పెట్టుకుని ప్లాన్ చక్కగా గీశాను. ముందస్తు హెచ్చరిక బోర్డులు, రోడ్డు మెల్లగా సన్నబడే భాగం, పని జరిగే చోటు, మళ్లీ మామూలు రోడ్డులో కలిసే చోటు, నాలుగూ ఉన్నాయి. మూడున్నర మీటర్ల లేన్ వదిలాను. సిటీ బస్సు వెడల్పు రెండున్నర మీటర్లే కదా అని ధీమా. బస్టాపును పని దాటాక వంద అడుగుల అవతలికి మార్చి బోర్డు కూడా పెట్టించాను.

మొదటి రోజే తొమ్మిదింటికి జామ్. జనం పాత చోటే నిలబడ్డారు. జనం ఎక్కడుంటే బస్సు అక్కడే ఆగుతుంది. ఉన్న ఒక్క లేన్‌లో బస్సు ఆగితే వెనక ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు విజిల్ ఊదీ ఊదీ ట్రాఫిక్ చూసుకునే మా మార్షల్ బుగ్గలు నొప్పెట్టాయి తప్ప ఒక్కరూ కదల్లేదు. మూడో రోజు ఒక ఆటో డ్రైవర్ నవ్వుతూ, "సార్, వాళ్లు నిలబడింది బస్టాపు బోర్డు చూసి కాదు, ఇడ్లీ బండి చూసి" అన్నాడు. నిజమే, పాత స్టాపు పక్కనే టిఫిన్ బండి, నీడకు ఒక చెట్టు. ఆ బండి ఆయన్ని బతిమాలి కొత్త స్టాపు దగ్గరికి మార్పించాం, పైన గ్రీన్ నెట్ కట్టాం. మర్నాటికే సగం గొడవ తగ్గింది.

అందుకే మీ డ్రాయింగ్‌లో ఇళ్ల గేట్లు, ఆటో అడ్డా, టిఫిన్ బండ్లు అన్నీ గుర్తుపెట్టండి. నడిచేవాళ్లకు విడిగా దారి వదలండి, లేకపోతే బండ్ల లేన్‌లోకే దిగుతారు. సందు మలుపు దగ్గర ఎత్తు రేకులు కట్టొద్దు, అటు నుంచి వచ్చే బైకు కనపడదు. అక్కడ జాలీ బారికేడ్లే మేలు.

రాత్రి ఒకసారి మీరే బైకు మీద అటు వెళ్లి చూడండి. మట్టి పని దగ్గర రేడియం స్టిక్కర్లు రెండు మూడు రోజుల్లోనే దుమ్ము పట్టి వెలగడం మానేస్తాయి. తడిగుడ్డతో తుడిచే మనిషి పేరు కాగితం మీద రాసి పెట్టండి, లేకపోతే ఎవరూ తుడవరు.

మెట్రో పనులప్పుడు మియాపూర్–అమీర్‌పేట రోడ్డు గుర్తుందా? వంతెన ముక్కలను యార్డుల్లోనే కాంక్రీటుతో పోతపోసి, తెచ్చి పైకి ఎక్కించేవాళ్లు. రోడ్డు మీద చేసే పని ఎంత తగ్గితే ట్రాఫిక్ తలనొప్పి అంత తగ్గుతుంది. మీరూ మ్యాన్‌హోల్‌కు రెడీమేడ్ రింగులు వాడే వీలుందేమో అడగండి. తవ్విన మట్టిని రాత్రికి రాత్రే ఎత్తించండి. మట్టి కుప్ప ప్లాన్‌లో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది.

ఆదివారం ట్రయల్ బాగా జరిగిందని మురిసిపోకండి. శనివారం రాత్రి బారికేడ్లు పెట్టి, ఆదివారం లోపాలు సరిచేసుకోండి. అసలు పరీక్ష సోమవారం పొద్దున.

ఇంకొకటి, ఆ రోడ్డులో ఫంక్షన్ హాల్ ఉంటే క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసుకోండి. మేం చూసుకోలేదు. ఒక రాత్రి బ్యాండుతో, గుర్రంతో సహా బరాత్ మా ట్రెంచ్ పక్కకొచ్చి ఆగింది. పని ఆపేసి, పొక్లెయిన్ లైట్లు వేసి పెళ్లికొడుక్కి దారి చూపించాం.