మంచు మీద నీడ నీలంగా ఉంటుందా?

ప్రశ్న: ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన గడ్డికుప్పల బొమ్మ ఒకటి పుస్తకంలో చూశాను. ఒకే కుప్పను పాతికసార్లు వేశాడట, ఎందుకు? మంచు మీద నీడకు నీలం వేశాడు. అది కల్పనేనా?
- డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: ముందు నీడ సంగతి చెబుతాను. అది కల్పన కాదు. ఎండ పడనిచోట కూడా ఆకాశపు వెలుతురు పడుతూనే ఉంటుంది. పైన నీలాకాశం, కింద తెల్లని మంచు. నీడలో నీలం కాక ఇంకేం కనిపిస్తుంది? పక్కనే నారింజ ఛాయ ఎండ ఉంటే ఆ నీలం ఇంకా చిక్కగా తోస్తుంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఇలా మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే పుస్తకం రాశాడు. నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలేమో నీడ అనగానే నల్లరంగు ట్యూబ్ మూత తీస్తారు. నేను ఆ ట్యూబ్ లాగేసుకుంటాను.

ఇక కుప్పలు. ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే పల్లెలో మోనే ఇంటి దగ్గరి పొలంలోవి. చాలామంది ఉత్త గడ్డి అనుకుంటారు గానీ లోపల నూర్చని గోధుమ పనలున్నాయి, పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున. ఎండకొకటి, మబ్బుకొకటి, రెండు కాన్వాసులు చాలనుకున్నాడట. వెలుతురు మారిపోతుంటే ఇంకొకటి, మరొకటి తెమ్మని సవతి కూతురు బ్లాంష్‌ను ఇంటికి పరుగెత్తించాడు. అలా 1890 - 91లో పాతిక దాకా అయ్యాయి. పొద్దు తొందరగా వాలిపోతోంది, అందుకోలేకపోతున్నానని 1890 అక్టోబరులో మిత్రుడు జెఫ్రాయ్‌కి ఉత్తరం రాశాడు. అంతా పొలంలోనే ముగించాడనుకోకండి, ఇంటికి తెచ్చి చాలా దిద్దాడు. నాకైతే అందులో తప్పేం కనిపించదు. అంత వేగంగా పోయే వెలుతురును గుర్తుపెట్టుకుని దిద్దడం అక్కడే నిలబడి వేయడంకన్నా కష్టం.

1891 మేలో పారిస్‌లో ద్యురాన్-రుయెల్ గ్యాలరీలో పదిహేను కుప్పల్ని ఒకేచోట పెట్టాడు. తర్వాత మాస్కోలో ఒకదాన్ని చూసిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీకి అది కుప్ప అని కేటలాగ్ చదివేదాకా తెలియలేదు. మొదట చిరాకుపడ్డాడు, తర్వాత ఆ బొమ్మ ఆయన్ను వదల్లేదు.

మీరు చూసింది ఒక్కటే కాబట్టి ఎందుకిన్ని అనిపించింది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆరున్నాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆరింటినీ పక్కపక్కన పెట్టి, కుప్పల్ని వదిలేసి నీడల రంగులు మాత్రమే పోల్చి చూడండి.