పాత పెళ్లి ఫొటో ఏ కాలానిదో చెప్పాలంటే చీర కాదు, జాకెట్ చూడండి

మీరు అడిగింది ఇదీ: మీ మామ్మగారి పెళ్లి ఫొటోలో వెనక నిలబడ్డ ఒకావిడ బుట్ట చేతుల జాకెట్ చూసి మీ నాన్నగారు 1950కి అటూ ఇటూ అంటున్నారు. పెళ్లికూతురి జాకెట్ చేతులు పొట్టిగా, బిగుతుగా ఉన్నాయి కాబట్టి 1970 దాటే ఉంటుందని మీ మేనత్త అంటున్నారు. పెళ్లికొడుకు కోటు వేసుకుని సన్నటి టై కట్టుకున్నారు. ఫొటో వెనక సగం చెరిగిన స్టూడియో ముద్రలో "విజయనగరం, విశాఖపట్నం జిల్లా" అని మాత్రం చదవగలుగుతున్నారు. శుభలేఖ దొరకలేదు.

నా లెక్కలో అది 1960లలో జరిగిన పెళ్లి. ఎందుకంటున్నానో చెబుతాను.

మా అమ్మ విజయనగరంలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆ మిషన్ మీదే నేనూ నేర్చుకున్నాను, ఇప్పటికీ కుడుతున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో అమ్మమ్మల ఫొటోలు తీసుకొచ్చి "ఇలాంటి చేతులే కావాలండీ" అని అడిగే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. అలా చూసీ చూసీ ఈ ఫొటోల మీద నాకు చాలా ఇష్టం పెరిగింది.

ముందుగా చీరను నమ్మకండి. మన వైపు పెళ్లికి బరంపురం పట్టు కొనడం పాత అలవాటు. అంచు పైన గుడి గోపురాల్లాంటి మొనలు వరసగా కనిపిస్తే అదే. నలుపు తెలుపు ఫొటోలో కూడా ఆ మొనలు తెలిసిపోతాయి. కానీ అలాంటి చీర ఒక పెళ్లితో ఆగదు. మా అమ్మ పెళ్లి చీరే మా పిన్ని పెళ్లికీ కట్టారు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే చీర ఒకటే, అంచు ఒకటే, కాసులపేరు కూడా ఒకటే. అమ్మ జాకెట్‌కి మాత్రం భుజం దగ్గర కుచ్చు పెట్టిన బుట్ట చేతులు, పిన్ని జాకెట్‌కి ఒంటికి అతుక్కున్న పొట్టి చేతులు. చీర పెట్టెలోంచి వస్తుంది, నగ అత్తగారి మెడలోంచో అమ్మమ్మ మెడలోంచో వస్తుంది. జాకెట్ మాత్రం ఆ పిల్ల కొలతలకి, ఆ ఏడాది నడుస్తున్న పద్ధతిలో కొత్తగా కుట్టిస్తారు. మధుపర్కాలైతే అసలు లెక్కలోకే తీసుకోవద్దు, తెల్లచీర ఎర్రంచు తరాలు మారినా అలాగే ఉంటుంది.

ఇక జాకెట్ల సంగతి. బుట్ట చేతులు 1940లు, 50లలో బాగా నడిచాయి. 60లలో చేతులు కురచై, జాకెట్ మొత్తం ఒంటికి బిగిసింది. కత్తిరింపులో డాట్లు, అంటే ఛాతీ దగ్గర గుడ్డ మడిచి వేసే కుట్లు, సరిగ్గా పడితేనే ఆ బిగువు వస్తుంది, అందుకే ఆ కాలం ఫొటోల్లో ఛాతీ కింద గీత శుభ్రంగా కనిపిస్తుంది. అంతకుముందు జాకెట్లలో చంక దగ్గర గుడ్డ ముడతలు పడి ఉంటుంది. భూతద్దం పెట్టి చంక నుంచి మోచేతి వైపు చూడండి, నేనైతే మొట్టమొదట అక్కడే చూస్తాను. 70లలో వాణిశ్రీ గారి కొప్పు చూసి తలకట్టు ఎత్తుగా పెట్టుకోవడం మొదలైంది. పెళ్లికూతురికి పూలజడ వేస్తారు కాబట్టి వెనక జుట్టు తెలియదు, నుదుటి పైన జుట్టు ఎంత ఎత్తు లేపి దువ్వారో చూడాలి. బుట్ట చేతులు 80లలో మళ్లీ వచ్చాయి గానీ, అప్పటికి పెళ్లి ఫొటోలు రంగుల్లోకి మారిపోతున్నాయి కాబట్టి తికమక తక్కువ. మగ్గం వర్క్ జాకెట్లు మొన్నమొన్నటివి, వాటి గురించి చెప్పాల్సిన పని లేదు.

మీ నాన్నగారు చూసిన బుట్ట చేతుల ఆవిడ పెళ్లికూతురు కాదు కదా. నడివయసు వాళ్లు తమ పడుచుదనంలో అలవాటైన జాకెట్‌నే కుట్టించుకుంటారు. నా దగ్గరకి వచ్చే పెద్దావిడలు ఇప్పటికీ "నాకు మోచేతి దాకానే కుట్టమ్మా, మెడ పైకి ఉండాలి" అంటారు. కాబట్టి ఫొటోలో అన్నిటికంటే కొత్త వస్తువు ఏదో వెతకండి. ఫొటో దానికంటే పాతది కాలేదు. తోడు పెళ్లికూతురు, పదహారు పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు, వీళ్ల ఒంటి మీదే అది దొరుకుతుంది.

పెళ్లికొడుకు టై కూడా మీకు సాయం చేస్తోంది. 60లలో టై సన్నం, కోటు కాలర్ సన్నం. 70లలో రెండూ వెడల్పయ్యాయి, కింద బెల్‌బాటం వచ్చింది, చెవుల పక్క జుట్టు దిగింది. మీ మేనత్త అన్నట్టు 1970 దాటి ఉంటే ఆ కోటు కాలర్ అంత సన్నంగా ఉండే అవకాశం తక్కువ.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. బాగా పాత ఫిల్ముల్లో ఎరుపు నల్లగా పడేది, బొట్టూ పారాణీ తారు పూసినట్టు కనిపిస్తాయి. రంగుల ప్రింట్లేమో ఏళ్లు గడిచేసరికి ఎర్రబారిపోతాయి, ఆకుపచ్చ చీర కూడా గోధుమ రంగులో కనిపించవచ్చు. "మామ్మ మెరూన్ చీర కట్టుకుంది" అని రాసి పెట్టుకునే ముందు పెట్టెలో ఆ చీర ఉందేమో చూడండి.

ఇప్పుడు వెనక ముద్ర. మీ దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు విజయనగరం ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అంటే మీ ముద్ర 1979కి ముందుది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ముద్రలో 535తో మొదలయ్యే ఆరంకెలు ఉంటే 1972 తరవాతది. లేకపోతే ముందుది కావచ్చు, పాత ముద్రనే ఇంకొన్నాళ్లు వాడి కూడా ఉండవచ్చు. చెరిగిన చోట లైటు పక్క నుంచి పడేలా పెట్టి చూస్తే అంకెల ఒత్తు తెలుస్తుంది. ఇది చదివే బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి వాళ్లకి ఒక మాట: మీ ఊరి స్టూడియో ముద్రలో "శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే కంగారు పడకండి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది, 1979 దాకా మీ ఊళ్లు అందులోవే.

ముద్ర చెప్పేది ప్రింటు వయసు. ఫ్రేము కట్టించిన పెద్ద ఫొటో పాత చిన్న ఫొటోకి నకలు కావచ్చు. గీతలు కంటికి కనిపిస్తూ వేలికి తగలకపోతే అది నకలే, అసలు ఫొటో మీది గీతలు అందులో అచ్చయ్యాయన్న మాట. అప్పుడు చిన్న ఫొటో ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి. ఇంకొకటి, పెళ్లి ఇంటికి ఫొటోగ్రాఫర్‌ని పిలిపించే స్తోమత అప్పట్లో అందరికీ లేదు. పెళ్లయ్యాక ఎప్పుడో పట్నం వచ్చినప్పుడు స్టూడియోలో జంట ఫొటో దిగేవారు. తెర మీద స్తంభాలూ తోటా గీసి ఉండి, బాసికాలు లేకుండా, నల్లపూసలు కనిపిస్తూ ఉంటే అది పెళ్లి రోజు ఫొటో కాదు. మీ దాంట్లో చుట్టాలందరూ ఉన్నారు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

శుభలేఖ కోసం ఇంకా వెతకండి. మామ్మగారి అన్నదమ్ముల ఇళ్లలో, పంచాంగాల మధ్య, రామాయణం పుస్తకంలో దొరుకుతుంటాయి. అందులో ఇంగ్లీషు తేదీ లేకపోయినా సంవత్సరం పేరు ఉంటుంది. శోభకృత్ అని ఉంటే 1963 ఉగాది నుంచి 1964 ఉగాది దాకా. క్రోధి అయితే ఆ తరవాతి ఏడాది. అవే పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి గానీ, 1903కీ 1963కీ తేడా ఈ ఫొటోలో కోటూ జాకెట్టూ చూస్తేనే తేలిపోతుంది. మాఘమాసంలో పెళ్లయితే మాత్రం జాగ్రత్త: శోభకృత్ మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1964 అయిపోయింది.

వీలైతే ఫొటో ముందువైపు, వెనకవైపు రెండూ స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. ఫోన్‌తో తీస్తే ఫ్లాష్ ఆపేయండి. పెళ్లికూతురి కుడి చెయ్యీ, తోడు పెళ్లికూతురూ కొంచెం పెద్దగా కనిపించేలా ఇంకొకటి తీయండి. అవి చూశాక 60లలో మొదటి సగమా రెండో సగమా అన్నది కూడా చెప్పడానికి ప్రయత్నిస్తాను.