జర్మనీలో పరిచయాలు కావాలంటే జిమ్ కాదు, ఫెరైన్

ష్టుట్‌గార్ట్ వచ్చి ఏడాదైనా ఆఫీసు బయట ఒక్కరూ పరిచయం కాలేదు, జిమ్‌లో ఎవరూ మాట్లాడరు అన్నారు కదా. జిమ్‌లో అంతేనండి, అక్కడ మీరు కస్టమర్. మీ పేటలోని స్పోర్ట్స్‌ఫెరైన్‌లో, అంటే సభ్యులే కలిసి నడుపుకునే ఆటల క్లబ్బులో చేరండి. జర్మనీలో ఇలాంటి క్లబ్బులు 80 వేలకు పైనే ఉన్నాయి. అక్కడ మీరు సభ్యులు, సర్వసభ్య సమావేశంలో మీకూ ఓటుంటుంది. పనులు చాలావరకు జీతం లేని వాలంటీర్లే చూస్తారు. కాబట్టి వేసవి పండగకి కేకు తెమ్మంటారు, బెంచీలు మోయమంటారు. తప్పించుకోకండి, ఆటకంటే అక్కడే మాటలు కలుస్తాయి! చాలా క్లబ్బుల్లో ఒకటి రెండుసార్లు ఉచితంగా ఆడి చూడొచ్చు, ముందుగా మెయిల్ పెట్టండి. జర్మన్ అంతగా రాకపోతే టేబుల్ టెన్నిస్ బెటర్. సంతకం పెట్టేముందు సభ్యత్వం రద్దు గడువు చూసుకోండి, కొన్నిచోట్ల ఏడాది చివరిదాకా వదలరు.