ముందు అర్జీ రాసివ్వండి, తర్వాత మాట్లాడొచ్చు

నాలుగో తరగతి బాబు లెక్కలు నోటితో టకటకా చెప్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు పెగలదు, స్కూలువాళ్లేమో టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వేయమంటున్నారని రాశారు కదక్కా, అచ్చం మా ఇంట్లో జరిగిందే. మాది కావలి. మావాడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. ఇప్పుడు ఏడో తరగతి.

నెల్లూరు వెళ్లే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని బిట్రగుంట, అల్లూరు రోడ్, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు అని వరసగా చెప్పేస్తుంటే బోర్డులు చదువుతున్నాడని మురిసిపోయేవాళ్లం. ఒకరోజు వాళ్ల నాన్న 'తలమంచి' అని కాగితం మీద రాసి చూపిస్తే 'తమ... తల...' అని ఆగి నీళ్లు నమిలాడు. అన్నీ బట్టీ! అప్పటిదాకా బద్ధకమనుకుని నేనూ రెండు తగిలించినదాన్నే.

స్కూల్లో మొదట నేను చేసిన తెలివితక్కువ పని ప్రిన్సిపాల్ ముందు ఏడవడం. 'చూద్దాంలేమ్మా' అన్నారు, ఆ చూడటం ఏడాది పట్టింది. తర్వాత నెల్లూరులో సైకాలజిస్ట్‌తో పరీక్షలు చేయించి, ఆ రిపోర్టు జతచేసి అర్జీ రాసిచ్చాం. రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఆఫీసులో అరగంట సతాయించారు గానీ మర్నాడే ప్రిన్సిపాల్ దగ్గర్నించి ఫోనొచ్చింది.

అర్జీలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేరు రాయండి. చదవడం, రాయడంలో ఇలాంటి ఇబ్బందిని కూడా అందులో చేర్చారు. పిల్లల్లో దీన్ని తొందరగా గుర్తించి తగినట్టు నేర్పాలని 16వ సెక్షన్‌లోనూ, పరీక్షలో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు గురించి 17లోనూ ఉంది.

ఊరికే 'సహకరించండి' అని రాస్తే చెత్తబుట్టలోకే. మేం మూడే అడిగాం: అందరి ముందు నిలబెట్టి చదివించొద్దు, బోర్డు మీది నోట్సు వాట్సాప్‌లో ఫొటో పెట్టండి, ప్రశ్నపత్రం ఒకసారి చదివి వినిపించి గంటకి 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. తర్వాతి యూనిట్ టెస్టులో లెక్కల్లో 25కి 19, అంతకుముందు 7. లెక్కలు వాడికెప్పుడూ వచ్చు, ప్రశ్న చదవడమే రాలేదు.

హిందీ గొడవ మాత్రం ఇంకా తెగలేదు. రెండు లిపులతోనే సతమతమయ్యేవాడి నెత్తిన మూడోది పెట్టి, మినహాయింపు అడిగితే 'మిగతా పిల్లలూ అడుగుతారు' అంటారు, ఏం చెప్తాం! పదో తరగతి నాటికి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని గవర్నమెంటు ఇచ్చే కాగితం) చేతిలో ఉండాలని సచివాలయంలో స్లాట్ కోసం తిరుగుతున్నాం.

మీది గవర్నమెంటు బడయితే ముందు మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం గవర్నమెంటు నడిపేది) టీచర్‌ని కలవండి. ప్రైవేటయితే అర్జీకి వారం చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే ఆ స్టాంపు కాపీ జిరాక్సు తీసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వండి. టీసీ మాటెత్తితే అది కాగితం మీద రాసివ్వమనండి, మాకైతే ఎవరూ రాసివ్వలేదు.