మసేరు వెళ్లే బుజ్జికి, సెసోతో గురించి

చి. బుజ్జికి, అత్త ఆశీస్సులు.

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. మసేరులో నీకు ఫార్మసిస్టు ఉద్యోగం ఖాయమైందనీ, మూడు నెలల్లో బయల్దేరతావనీ చెప్పాడు. మన ఇంట్లోంచి ఆడపిల్ల ఒక్కతే ఆఫ్రికాలోని లెసోతో దాకా వెళ్తోందంటే నాకెంత గర్వమో వేరే చెప్పాలా? ఆ గర్వం అయిదు నిమిషాలు కూడా నిలవనివ్వలేదు నువ్వు. "అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చట, భాష గురించి అత్తని బెంగపడొద్దని చెప్పు" అన్నావట. ఆ మాటకే రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంగ్లీషు వచ్చినవాళ్లు బ్యాంకులో ఉంటారు, ఆఫీసుల్లో ఉంటారు. నీ కౌంటరు దగ్గరికి మందుల చీటీ పట్టుకొచ్చేది కొండమీది పల్లె నుంచి తెల్లారుజామున బయల్దేరిన ముసలావిడ. నువ్వు ఇంగ్లీషులో "రోజుకి మూడుసార్లు" అంటావు. ఆవిడ అక్కడి భాష సెసోతోలో "ఎ, అవుసి" అంటుంది. ఎ అంటే ఔను, అవుసి అంటే అక్కా, చెల్లీ అన్నట్టు. అర్థమై అనదు, మర్యాదకి అంటుంది. మనూళ్లో డాక్టరు ముందు మీ నాయనమ్మ తలూపేది చూడలేదూ? అచ్చం అదే. కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సిన మొదటి వాక్యం "నీ పేరేమిటి" కాదు. "ంపొలెల్లె హపె", మళ్లీ నాకు చెప్పు. మందు ఎలా వేసుకోవాలో ఆవిడ నోటితో ఆవిడే తిరిగి చెప్పాలి. చెప్పేదాకా సీసా చేతికివ్వకు.

ఉన్ని బట్టలు, దుప్పటి పట్టుకెళ్లు. ఆ దేశం మొత్తం సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైనే ఉంటుంది. సరే, భాష సంగతికొస్తాను.

ముందుగా అక్షరాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఈ భాషకి రెండు రాతలున్నాయి: లెసోతో దేశానిదొకటి, దక్షిణాఫ్రికాదొకటి. భాష ఒకటే, స్పెల్లింగులు వేరు. 1833లో ఫ్రెంచి మిషనరీలు మొషొషొ రాజు దగ్గరికొచ్చి మోరిజా అనే ఊళ్లో స్థిరపడ్డాక పుట్టిన పద్ధతినే లెసోతో ఇప్పటికీ పట్టుకుని ఉంది. అందులో ఎల్ తర్వాత ఐ గానీ యు గానీ వస్తే ఆ ఎల్‌ని డ అనాలి. నమస్కారానికి ఎల్-యుతో మొదలెట్టి రాస్తారు, పలికేది మాత్రం డుమేలా. దక్షిణాఫ్రికా పుస్తకంలో అదే మాట డి తోనే ఉంటుంది. ఓ-ఎ పక్కపక్కన ఉంటే వ, ఇ-ఎ ఉంటే య అనుకో. ఇందాక నేను మొషొషొ అని రాసిన పేరునే చూడు, ఓ-ఇ కలిసి వ్వె అవుతుంది, కాబట్టి మొష్వెష్వె అనాలి. తెలిసిన నేనే అలా రాశానంటే కాగితం ఎంత మోసం చేస్తుందో చూసుకో. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు దక్షిణాఫ్రికా రాతవే. వాటితో నేర్చుకో, తప్పులేదు. మసేరులో బోర్డులు మాత్రం లెసోతో రాతలో ఉంటాయని గుర్తుంచుకో. రాతలో ఓ అని ఉన్నది చాలాచోట్ల ఉ లా వినిపిస్తుంది. అందుకే భాష పేరు కూడా వాళ్ల నోట "సిసూథు"కి దగ్గరగా ఉంటుంది.

నేనిక్కడ తెలుగులో రాస్తున్నవి ఊతకర్రలే. వాళ్ల త మన త కాదు, ట కాదు, రెంటికీ మధ్య; నాలుక పళ్ల వెనక చిగురుకి తగలాలి. రోజుకి ఇరవై నిమిషాలు రేడియో లెసోతో పెట్టుకుని విను. అర్థం కానక్కర్లేదు, చెవి తెరుచుకుంటే చాలు.

మనకి కలిసొచ్చేవి కొన్ని ఉన్నాయి. బళ్లో గుణింతాలప్పుడు వల్లించి, ఆ తర్వాత ఎక్కడా వాడని ఙ, ఞ అక్కడ మాటల మొదట్లోనే వస్తాయి. ఙ్వానా అంటే బిడ్డ. చలి, చుక్క అన్నప్పుడు మన నోట పలికే చ ఉందే, అదే వాళ్ల టి-ఎస్. కానీ మన నోరు ఇ, ఎ ముందు దాన్ని మెత్తబరిచేస్తుంది: చలిలో ఒక చ, చిలకలో ఇంకో చ. అందుకని లెత్సాత్సి అనే మాటలో, అంటే సూర్యుడు, రోజు, మొదటి త్సా తేలిగ్గా వస్తుంది, చివరి త్సి దగ్గర చి అనేస్తాం. రోజుకి మూడుసార్లు "హరారొ కా లెత్సాత్సి", రెండుసార్లు "హబెడి కా లెత్సాత్సి". నీకు రోజూ వందసార్లు పడే మాట, ముందు దాన్ని సాధించు.

నెప్పికి బొహ్లొకొ అంటారు. హ, ల విడివిడిగా కాదమ్మా. నాలుకని ల కోసం పెట్టు, గొంతు మోగించకు, బుగ్గల వైపు నుంచి గాలి వదులు. బుసలాంటి శబ్దం వస్తే సరిగ్గా వచ్చినట్టే. "ఉ ఉత్ల్వా బొహ్లొకొ కాయె?" అంటే ఎక్కడ నెప్పి. క్యూ అక్షరం కనిపిస్తే నాలుకతో టక్కుమనిపించాలి. జాలిపడి మనం ప్చ్ అంటామే, అంత ముందు కాదు. పిల్లల్ని ఆడిస్తూ గుర్రపు డెక్కల చప్పుడు చేస్తామే, అక్కడ. దాని గురించి హైరానా పడకు, వారంలో వస్తుంది.

హైరానా పడాల్సింది ఫ గురించి. మనం ఫ అని రాస్తాం, ఫ్యాను, ఫోను అన్నట్టు పలికేస్తాం. వాళ్లకి అవి రెండు వేరు వేరు శబ్దాలు. ప తర్వాత గాలి ఊదితే ప్హెలా: బతకడం, బాగుండడం. పళ్లు పెదవికి తగిలించి ఫెలా అంటే అయిపోవడం. ఏమీ ఊదకుండా పెలా అంటే పక్కన. "ఎలా ఉన్నావు" అని అడిగినవాళ్లకి "కియా ప్హెలా", బాగున్నాను అని చెప్పబోయి "కియా ఫెలా" అన్నావనుకో, అంతమైపోతున్నాను అని నవ్వుతూ చెప్పినట్టుంటుంది. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని అను. ప్హ అన్నప్పుడు కాగితం ఎగరాలి, పెదవి పళ్లకి తగలకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఓపిగ్గా చదువు, ఇది దాటేసి కిందికి పోకు. నేనూ చేసి, చాలా నెలలు పోగొట్టుకున్న తప్పు.

కొత్త భాష అనగానే మనం చేసే పని ఒక నోటుబుక్కు కొని, మధ్యలో గీత గీసి, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క అక్కడి మాట రాసుకోవడం. రెండు అంటే పెడి, మనిషి అంటే మొథొ, చెంచా అంటే ఖాబా. రెండొందల మాటలు కంఠతా వస్తాయి, ఒక్క వాక్యం నోట్లోంచి రాదు. ఎందుకంటే ఆ భాషలో మాట ఒంటరిగా ఉండదు. ప్రతి నామవాచకం ఒక గుంపుకి చెందుతుంది, గుంపు ఏదో మాట తల, అంటే మొదటి ముక్క, చూస్తే తెలుస్తుంది. ఆ తల వాక్యంలో మిగతా మాటలన్నిటి మీదా తన గుర్తు వేస్తుంది.

మనకిది బొత్తిగా కొత్త కాదు. ఇద్దరు పిల్లలు అంటాం, రెండు పిల్లలు అనం. పిల్లలు వచ్చారు, మందులు వచ్చాయి. మనుషులకి ఒక లెక్క, మిగతావాటికి ఒక లెక్క. మనకి రెండు గుంపులైతే వాళ్లకి డజను పైన ఉన్నాయి, అంతే తేడా. ఇద్దరు మనుషులు "బాథొ బా బాబెడి". రెండు చెంచాలు "డిఖాబా త్సె పెడి". రెండు రోజులు "మాత్సాత్సి ఆ మాబెడి". చూశావా, రెండు అన్న మాట మూడు చోట్ల మూడు వేషాలు వేసింది. గీత గీసిన నోటుబుక్కులోంచి "మాత్సాత్సి పెడి" అని వస్తుంది. విన్నవాళ్లు నవ్వరు, సరిదిద్దరు కూడా. విదేశీ పిల్ల పాపం అనుకుని ఇంగ్లీషులోకి మారిపోతారు. ఆ మారడమే ప్రమాదం, ఇక నీకు నేర్పేవాళ్లుండరు.

కాబట్టి నోటుబుక్కు వద్దు. చిన్న అట్టముక్కలు కోసుకో. ఒక్కో ముక్క మీద ఒక్క మాటే, కానీ నాలుగు వరసలు: ఒకటి, అనేకం, నాది, రెండు. ఉదాహరణకి కాలు: లెవొతొ, మావొతొ, లెవొతొ లా కా, మావొతొ ఆ మాబెడి. బిడ్డ: ఙ్వానా, బానా, ఙ్వానా వా కా, బానా బా బాబెడి. కుర్చీ: సెతులొ, డితులొ, సెతులొ సా కా, డితులొ త్సె పెడి. రోజుకి ఆరు ముక్కలు, ఏడో రోజు కొత్తవి వద్దు, పాతవి తిరగెయ్యి. మూడు నెలల్లో నాలుగొందలు దాటతాయి, అన్నీ వాక్యంలో కూర్చునే మాటలే అవుతాయి. నాలుగు వరసలూ పైకి పాడినట్టు చదవాలి, మనసులో కాదు.

క్రియ ముందు కూడా అదే గుర్తు. పిల్లలొచ్చారు "బానా బా త్లిలె", చెంచాలు అయిపోయాయి "డిఖాబా డి ఫెడిలె", కుర్చీ విరిగింది "సెతులొ సె రొబెహిలె". బా-బా, డి-డి, సె-సె. ప్రాసలా వినిపించడం మొదలెట్టిన రోజున నీకు భాష పట్టుబడుతోందని తెలుసుకో. మొ తో మొదలయ్యేవాటితో జాగ్రత్త. మొథొ బాథొ అవుతుంది గానీ, ఊరు అనే మొత్సె మెత్సె అవుతుంది. మందు, మొరియానా, ఈ రెండో రకమే: మెరియానా. అరువు మాటలు భలే సరదాగా ఉంటాయి. స్కూలుని సెకొలొ చేసుకున్నారు, సె అనేది తమ తలే అనుకుని బడులకి డికొలొ అనేశారు.

నువ్వు, అతను అనే తేడా రాతలో ఉంది (యు అంటే నువ్వు, ఓ అంటే అతను, ఆమె), చెవికి అచ్చు ఒకటే, స్వరం ఎత్తు వేరు. "ఉ న్వెలె?" నువ్వు తాగావా అనడానికి గొంతు కింద మొదలెట్టాలి. పైన మొదలెడితే అతను తాగాడా అని. తల్లి బిడ్డ మందు కోసం వచ్చినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో నీకు నేను చెప్పక్కర్లేదు. అనుమానమొస్తే మనిషి పేరు పెట్టి అడిగెయ్యి.

గౌరవం గురించి. మన నోరు మీరు కోసం వెతుకుతుంది. అక్కడ ఆ మీరు లేదు, పెద్దావిడనైనా ఉ అనే అడుగుతారు. గౌరవమంతా పక్కన చేర్చే పిలుపులో ఉంది. మగవాళ్లకి న్తాతే, ఆడవాళ్లకి మ్మే. న్తాతే అంటే తాత కాదు, నాన్న. పిలుపు లేని వాక్యం మొరటుగా ఉంటుంది. ఏ పనికైనా ముందు డుమేలా, ఆ వెనక ఎలా ఉన్నారు, వాళ్ల జవాబు, నీ జవాబు, అప్పుడు మందుల చీటీ. వరసలో ఇరవైమంది ఉన్నా సరే. వెళ్లేవాళ్లకి "త్సామాయా హాంత్లె", ఉండిపోయేవాళ్లకి "సాలా హాంత్లె". కౌంటరు వెనక ఉండేది నువ్వు, కాబట్టి నువ్వనేది మొదటిది. తిరగేసి అంటే వెళ్తున్నావిడని ఉండిపొమ్మన్నట్టు.

నువ్వు మాంసం తినవుగా, "హా కె జె నామా" అని ముందే చెప్పు. పాపా అంటే మొక్కజొన్న సంగటి, మొరొహొ అంటే ఆకుకూర. రెండూ ఉంటే నీకు ఏ లోటూ ఉండదు. అవి పెట్టే చేతులు కూడా ఉంటాయి, భయపడకు. బంధుత్వాల్లో వాళ్లు అచ్చం మనలాంటివాళ్లు, అంకులూ ఆంటీలతో సరిపెట్టరు. చిన్నాన్న రాఙ్వానె, పిన్ని మాఙ్వానె, మేనమామ మాలొమె. మేనత్తకి ఎల్-ఐతో ముగిసే మాట ఒకటుంది. ఎలా పలకాలో పైన చెప్పాను.

అంకెలు చివరికి దాచాను, నా భయమంతా వాటి మీదే. చేతివేళ్ల మీద పుట్టిన లెక్క అది. అయిదు, హ్లానొ, దాకా ఒక చెయ్యి. ఆరు త్సెలెలా, రెండో చేతికి దాటడం. ఏడు సుపా, చూపుడువేలితో చూపించడం. ఎనిమిది రొబెడి, రెండు వేళ్లు ముడవడం. తొమ్మిది రొబొంగ్, ఒక్క వేలు ముడవడం. పది లెషొమె. కొత్తవాళ్లు ఎనిమిదినీ తొమ్మిదినీ తారుమారు చేస్తారు, రెండూ రొబ్‌తోనే మొదలవుతాయి కదా. చివరి ముక్క విను: బెడి అంటే రెండు ముడిచారు, పదిలో రెండు తక్కువ. ఎనిమిది గంటలకోసారి అని చెప్పాల్సి వచ్చినప్పుడు నోటితో పాటు వేళ్లూ చూపించు, సిగ్గుపడకు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఒకటి నుంచి పది దాకా వేళ్ల మీద లెక్కపెట్టి వినిపించు. తొమ్మిది దగ్గర ఆగి, ఎన్ని వేళ్లు ముడిచావో చెప్పు.

ఇట్లు,
నీ రాఖాడి